వెన్నులోకి ఏ మందు?

నడుము ఆపరేషన్‌కి వచ్చేవాళ్లు మత్తు డాక్టర్‌నైన నన్ను తప్పక అడిగే మాట ఒకటుంది: "ఆ రాత్రి నొప్పికి తట్టుకోగలనా సార్?"

గాయం మూసేముందు సర్జన్‌కి వెన్నునీటిని చుట్టి ఉండే డ్యూరా పొర ఎదురుగానే కనిపిస్తుంది. సన్నటి సూదితో వెన్నునీటిలోకి మందు ఎక్కించడానికి అదే అదను. కానీ ఏ మందు? బూపివకెయిన్ నొప్పిని ఆపుతుంది, కాళ్లనూ మొద్దుబారుస్తుంది. మెలకువ వచ్చాక బొటనవేలు లేవకపోతే కారణం మందో, నరానికి తగిలిన దెబ్బో తేల్చలేం. ఫెంటనిల్ కొవ్వులో తేలిగ్గా కరుగుతుంది కాబట్టి నిమిషాల్లో పనిచేసి, రెండు నుంచి నాలుగు గంటల్లో తగ్గిపోతుంది. మార్ఫిన్ అలా కాదు. నీటిలో ఇమిడే గుణం వల్ల వెన్నునీటిలోనే నిలిచి మెల్లగా పైకి పాకుతుంది. 1979లో మేయో క్లినిక్ వైద్యులు క్యాన్సర్ రోగులకు ఇచ్చి దాని సత్తా చూపించారు. ప్రిజర్వేటివ్ కలపని మార్ఫిన్ 0.1 నుంచి 0.2 మిల్లీగ్రాములు చాలు, దాదాపు రోజంతా ఉపశమనం.

ఒక మిర్చి రైతుకి స్క్రూలు, రాడ్లు వేశాక అదే ఇచ్చాం. మార్ఫిన్ తెచ్చే దురదతో రాత్రంతా ముక్కు గోక్కుంటూనే ఉన్నాడు. తెల్లారి వాకర్ పట్టుకుని లేచాడు. "దురదదేముంది డాక్టరుగారూ, నొప్పయితే లేదు" అన్నాడు.

డెబ్బై దాటిన ఒక పెద్దావిడ విషయం వేరు. భారీ మనిషి. గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తుందని భర్త చెప్పాడు. వెన్నులో మార్ఫిన్ ఇస్తే శ్వాస మందగించే ప్రమాదం వెంటనే కాదు, ఆరు నుంచి పద్దెనిమిది గంటల మధ్య వస్తుంది. అంటే వార్డు నిద్రపోయే వేళ. ఆ రోజు ఐసీయూలో మంచం ఖాళీ లేదు. పారాసిటమాల్‌తో, వెన్ను పక్క కండరాల్లో ఇచ్చిన మత్తుతో నెట్టుకొచ్చాం. "నొప్పుంది నాయనా, ఓర్చుకుంటాలే" అంది. ఆ మాట వినడం కష్టమే. అయినా రేపు అలాంటి మనిషే వస్తే నా నిర్ణయం మారదు.

ఎన్ని గంటలు పనిచేస్తుందన్నదొక్కటే లెక్కైతే మార్ఫిన్‌దే గెలుపు. కానీ ఈ పోలికలో రాత్రి డ్యూటీ నర్సునూ లెక్కలోకి తీసుకోవాలి. గంటగంటకీ శ్వాస లెక్కించే మనిషి, వేలికి ఆక్సిమీటర్, చేతికందేలా విరుగుడు మందు నలాక్సోన్ ఉంటేనే ఆ మందు రోగికి మేలు చేస్తుంది. వెన్ను ఆపరేషన్లు మొదలుపెట్టే ప్రతి ఆస్పత్రీ థియేటర్‌కి పెట్టే ఖర్చులో కొంత రాత్రి నర్సులకూ కేటాయించాలి. లేకుంటే మంచి మందు ఉండి కూడా రోగి నొప్పి పడాల్సి వస్తుంది.