ప్రవేశ దరువు

ఈసీఈ మూడో ఏడు చదువుతూ డాన్స్ మూవ్‌మెంట్ థెరపీ కోర్సు ఎందుకు, అదీ ఇంట్లో కూర్చుని దూరవిద్యలో ఎలా అని చాలామంది అడిగారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. ఇది ఆరు నెలల పరిచయ కోర్సు. ఆదివారం ఉదయం ఆన్‌లైన్ క్లాసు, వారం మధ్యలో చదువుకోవడానికి పాఠాలు.

ఈ థెరపీలో అడుగు సరిగ్గా పడిందా లేదా అని ఎవరూ మార్కులు వేయరు. 1942లో మేరియన్ చేస్ అనే నర్తకి వాషింగ్టన్‌లోని సెయింట్ ఎలిజబెత్స్ మానసిక వైద్యశాలలో రోగులతో పని మొదలుపెట్టారు. మాట ఆగిపోయిన మనిషి చెయ్యి ఎలా కదిలిస్తే ఆమె కూడా అలాగే కదిలించేవారు. "నిన్ను చూస్తున్నాను" అని మాటల్లేకుండా చెప్పడం అన్నమాట. 1966లో అమెరికాలో ఈ విద్యకి ఒక సంఘం ఏర్పడింది. మన దేశంలో త్రిపుర కశ్యప్ గారు ఎన్నో ఏళ్ళుగా ఈ పని చేస్తున్నారు.

ఇక నా కారణం మా తాతయ్య. అమ్మకి నాన్న. రేపల్లెలో మా ఇంట్లోనే ఉంటారు. నాలుగేళ్ళుగా పార్కిన్సన్స్. చెయ్యి వణకడం అందరికీ అలవాటైపోయింది గానీ, నడుస్తూ నడుస్తూ గడప దగ్గర కాళ్ళు నేలకి అతుక్కుపోవడం ఎవరికీ అలవాటు కాలేదు. "రా నాన్నా, ఇంకొక్క అడుగు" అని అమ్మ చెయ్యి పట్టి లాగేది. లాగితే ఒళ్ళు ముందుకొస్తుంది, కాళ్ళు రావు. పోయిన సంక్రాంతికి అలాగే పడిపోయారు. ఎముకలేం విరగలేదు, కానీ ఆ తర్వాత వరండాలోకి రావడమే మానేశారు. వీధిలో పోయేవాళ్ళని పలకరించకుండా ఒక్కపూట ఉండలేని మనిషి గోడకేసి చూస్తూ కూర్చునేవారు.

మన భాషలో చెప్పాలంటే ఇది క్లాక్ సమస్య. ఏ అడుగు ఎప్పుడు వేయాలో మనం ఆలోచించం. మెదడులో బేసల్ గాంగ్లియా ఆ టైమింగ్ చూసుకుంటుంది. డోపమైన్ తగ్గితే అది తప్పుతుంది. అయితే బయట నుంచి క్లాక్ ఇస్తే, అంటే తాళమో, నేల మీద అడ్డగీతలో ఉంటే, చాలామందికి అడుగు మళ్ళీ పడుతుంది. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో మార్క్ మోరిస్ డాన్స్ గ్రూప్ 2001 నుంచి పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళకి డాన్స్ క్లాసులు నడుపుతోంది.

దూరవిద్యలో లోటు లేదని అనను. నా భుజం బిగుసుకుందో లేదో టీచరుకి స్క్రీన్‌లో కనిపించదు. నెట్ ఆగితే అందరం బొమ్మల్లా నిలబడిపోతాం. "మీకందరికీ నా జబ్బే వచ్చిందర్రా" అంటారు తాతయ్య. కానీ ఎవరి కోసం నేర్చుకుంటున్నానో ఆ మనిషి పక్క గదిలోనే ఉన్నారు. ఆ సౌకర్యం ఏ క్యాంపస్‌లోనూ దొరకదు. శనివారం బాపట్లలో బండెక్కి, తెనాలిలో మారి, వేమూరు, భట్టిప్రోలు దాటి రేపల్లె చేరేలోపు పాఠం చదవడం అయిపోతుంది. ఆదివారం ప్రాక్టికల్.

రెండో నెల అసైన్‌మెంట్ ఇది: ఎదుటి మనిషికి కొత్తగా ఏమీ నేర్పకూడదు, ఆయన ఒంట్లో ఇప్పటికే ఉన్న కదలికని వెతకాలి. డాక్టరు గారిని అడిగి, సరేనన్నాకే మొదలుపెట్టాం. "ఈ వయసులో నాకు గజ్జెలు కడతావా?" అన్నారు తాతయ్య. అందుకని డాన్స్ ఊసెత్తకుండా నాటకాల గురించి అడిగాను. కుర్రతనంలో ఆయన పద్య నాటకాల్లో కృష్ణుడు వేశారు. 1902లో మన బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు తెనాలి రామవిలాస సభ నాటకాల్లో సత్యభామ వేసేవారు కదా, వాళ్ళ నాన్న ఆ నడక చూసొచ్చి నెలల తరబడి చెప్పుకున్నారట. చెప్తూ చెప్తూ తాతయ్య భుజాలు నిటారుగా అయ్యాయి. "కృష్ణుడు నడిచి రాడు. ప్రవేశిస్తాడు" అన్నారు.

తెనాలిలో పదో తరగతి దాకా నేర్చుకున్న కూచిపూడి అప్పుడు పనికొచ్చింది. కూచిపూడిలో పాత్ర తెర వెనక నుంచి వచ్చేటప్పుడు ప్రవేశ దరువు ఉంటుంది. మా గడపే తెర అనుకున్నాం. అమ్మ లాగడం మానేసి, పడితే పట్టుకునేలా పక్కన నిలబడింది. నేను కుర్చీ మీద తాళం వేశాను. తాతయ్య ముందు బరువు ఒక కాలి మీదికి మార్చారు. రెండు ఆవృతాలు అలాగే ఊగారు. మూడోసారి కుడికాలు లేచింది, గడప దాటింది. వరండాలో కూర్చుని, "హార్మోనియం ఉంటే ఇంకా రక్తి కట్టేది" అన్నారు.

రోజూ ఇలా జరగదు. మాత్ర ప్రభావం తగ్గే వేళ తాళం గీళం ఏదీ పనిచేయదు. మందులు, ఫిజియోథెరపీ ఎప్పటిలాగే నడుస్తున్నాయి. ఈ కోర్సుతో నేను థెరపిస్టునీ అయిపోను. దానికి ఏళ్ళ చదువు, పెద్దవాళ్ళ పర్యవేక్షణలో సాధన కావాలి.

నేను బాపట్లలో ఉండే రోజుల్లో అమ్మ సాయంత్రం ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి గడప దగ్గర ఉంచుతుంది. చప్పట్లు కొడితే ఫోన్ వాటిని నాయిస్ అనుకుని కత్తిరించేస్తుంది, అందుకే నోటితోనే తకధిమి చెప్తాను. అది కాస్త ఆలస్యంగా చేరుతుంది. పరవాలేదు. లేటెన్సీ ఎంతున్నా నడక సాగుతుంది, జిట్టర్ లేకపోతే చాలు.