అమెరికా ముఖాలు

"నేను అమెరికన్‌ని కాదు."

సియోల్‌లో ఉన్న ఏడాదిలో నేను ఎక్కువసార్లు విన్న ఇంగ్లీషు వాక్యం ఇదే. పిహెచ్.డి. పూర్తయిన మరుసటి సంవత్సరం, 2016 ఆగస్టులో, ఆధునిక కొరియన్ రచయిత్రుల కథల మీద పనిచేసుకోవడానికి చిన్న ఫెలోషిప్‌తో అక్కడికి వెళ్ళాను. యూనివర్సిటీ వెనకవీధిలో ఒక అయిదంతస్తుల భవనంలో గది దొరికింది. పడకా వంటా చదువూ అన్నీ ఒకే గదిలో సాగే ఇలాంటి ఇళ్ళని అక్కడ 'వన్‌రూమ్' అంటారు. మా అంతస్తులో మిగతా మూడు గదుల్లోనూ ఇంగ్లీషు టీచర్లే ఉండేవారు. ఒకామెది న్యూజిలాండ్. ఇంకొకామె దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన తెల్లామె. మూడో అమ్మాయి కొరియన్ తల్లిదండ్రులకి అమెరికాలో పుట్టి పెరిగింది. సాయంత్రాలు మేడ మీద ఆరేసిన బట్టలు తీసుకుంటూ మాట్లాడుకునేవాళ్ళం. మొదటి ఇద్దరి మాటలూ ఎక్కడ మొదలైనా చివరికి ఆ వాక్యం దగ్గరికే చేరేవి.

వాళ్ళ బాధ నిజమైనదే. మెట్రోలో పిల్లలు వేలు చూపించి "మిగుక్ సారం!" అంటారు, అంటే అమెరికా మనిషి అని. కూరగాయలమ్మే అవ్వ "మిగుక్?" అని అడుగుతుంది. కాదు, న్యూజిలాండ్ అని చెప్తే "ఆఁ, మిగుక్!" అని నవ్వి రెండు ఉల్లిపాయలు కొసరు వేస్తుంది. ఒకసారి బస్టాపులో ఒక పెద్దాయన న్యూజిలాండ్ అమ్మాయి రెండు చేతులూ పట్టుకుని, యుద్ధంలో మీ అమెరికా వాళ్ళే మమ్మల్ని కాపాడారని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట. నిజానికి 1950-53 కొరియా యుద్ధంలో న్యూజిలాండ్ సైనికులూ పోరాడారు. దక్షిణాఫ్రికా వైమానిక దళమూ వెళ్ళింది. అంటే ఆ కృతజ్ఞత సరైన మనిషికే అందింది, చిరునామా ఒక్కటే తప్పు. ఆ యుద్ధానికి మన దేశం నుంచీ ఒక సైనిక వైద్య దళం, 60వ పారా ఫీల్డ్ అంబులెన్స్, వెళ్ళింది. నా చేతులు మాత్రం ఎవరూ పట్టుకోలేదు.

"వీళ్ళకి తేడా తెలీదు, ప్రపంచం తెలీదు" అనేది దక్షిణాఫ్రికా ఆమె. ఆ మాట నాకు మింగుడుపడేది కాదు. తెలుగు హిందీలో ఒక యాసా అని ఆమె నన్ను రెండుసార్లు అడిగింది. ఢిల్లీలో చదువుకున్న రెండేళ్ళూ నేను 'మద్రాసీ'ని. మన వాళ్ళు మాత్రం? మచిలీపట్నంలో డచ్చివాళ్ళూ, ఇంగ్లీషువాళ్ళూ, ఫ్రెంచివాళ్ళూ వేరువేరుగా వర్తక స్థావరాలు పెట్టుకున్నా జనం నోట్లో అందరూ దొరలే, వాళ్ళ ఆడవాళ్ళంతా దొరసానులే. కింద ఉన్నవాళ్ళకి పైనున్నవాళ్ళ లోపలి తేడాలతో పని పడలేదు. అందుకే దీన్ని అజ్ఞానం అని తోసెయ్యడానికి నాకు మనసొప్పదు. జనం చేసే పొరపాట్లకి కూడా చరిత్ర ఉంటుంది.

ఆ చరిత్ర మొదట్లో ఇది పొరపాటే కాదు. 1886లో కొరియా రాజు ఇంగ్లీషు నేర్పడానికి పెట్టించిన బడికి వచ్చిన ముగ్గురు టీచర్లూ అమెరికన్లే. అదే ఏడు మేరీ స్క్రాంటన్ అనే అమెరికన్ మిషనరీ సియోల్‌లో ఆడపిల్లల కోసం బడి తెరిచింది. ఈనాటి ఇహ్వా మహిళా విశ్వవిద్యాలయం దాన్నుంచి పెరిగిందే. కొరియన్‌లో ఇంగ్లీషుని 'యొంగొ' అంటారు. ఆ మాటలోని 'యొంగ్' ఇంగ్లండు పేరులోది. అయినా ఆ భాషకి ముఖం మాత్రం అమెరికాదే అయింది. 1945లో అమెరికన్ సైన్యం దిగింది, మళ్ళీ పూర్తిగా పోలేదు. నేనున్నప్పుడు సియోల్ నడిబొడ్డున యోంగ్సాన్‌లో, ఎత్తైన గోడల వెనక, వాళ్ళ ప్రధాన స్థావరం ఉండేది. 2018లో అది ప్యోంగ్‌టేక్‌కి మారింది. రెండు మూడు తరాల కొరియన్లకి తెల్లవాడంటే ఆ గోడ అవతల నుంచి వచ్చే సైనికుడే. అతను ఏ దేశం వాడని అడగాల్సిన పని లేదు.

ఈ గుర్తింపులో ఉల్లిపాయల కొసరే కాదు, కోపమూ ఉంది. 2002 జూన్‌లో సియోల్‌కి ఉత్తరాన ఒక పల్లె రోడ్డు మీద అమెరికన్ సైనిక వాహనం ఇద్దరు మిడిల్‌స్కూలు ఆడపిల్లల్ని నలిపేసింది. నవంబరులో అమెరికన్ సైనిక కోర్టు ఆ వాహనంలోని సైనికులిద్దరినీ నిర్దోషులంది. వేలాదిమంది కొవ్వొత్తులు పట్టుకుని రోడ్ల మీదికొచ్చారు. ఆ రోజుల్లో 'నేను అమెరికన్‌ని కాదు' అన్నది ఫిర్యాదు కాదు, రక్షణ. కెనడా వాళ్ళు బ్యాగుల మీద మేపుల్ ఆకు కుట్టుకుని తిరిగేవారు.

ఇక్కడే నాకు ఆడవాళ్ళ సంగతి వేరుగా కనిపించింది. తెల్లజాతి స్త్రీ పగలు అమెరికన్. చీకటి పడితే, అదీ కొన్ని వీధుల్లో అయితే, ఆమెకి ఎదురయ్యే ప్రశ్న మారిపోతుంది. ఇటెవాన్ వైపు ఒంటరిగా నడిచి వస్తుంటే ఒకడు న్యూజిలాండ్ అమ్మాయిని "రష్యానా?" అని అడిగాడు. అతను అడుగుతున్నది దేశం గురించి కాదు, రేటు గురించి. 1990ల నుంచి రష్యా, ఫిలిప్పీన్స్ స్త్రీలని 'కళాకారుల' వీసా మీద తీసుకొచ్చి సైనిక స్థావరాల చుట్టూ క్లబ్బుల్లో పనికి పెట్టిన చరిత్ర ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. ఆ రాత్రి ఆమె నా గదిలో కూర్చుని, "అమెరికన్ అనుకున్నా బాగుండేది" అంది. ఏడాదంతా వద్దనుకున్న పేరునే ఆ రాత్రి ఆమె కోరుకుంది.

అంతకుముందు ఆ క్లబ్బుల్లో ఉన్నది కొరియన్ స్త్రీలే. వాళ్ళని 'యంగ్‌గోంగ్‌జు' అన్నారు, తెల్లవాళ్ళ రాకుమారి అని వెటకారం. డాలర్లు తెస్తున్నందుకు ప్రభుత్వం వాళ్ళని దేశభక్తులని పొగిడింది, ఊరు వెలివేసింది. సైనికులకి రోగాలు రాకూడదని ఆ స్త్రీలకి బలవంతపు పరీక్షలు చేసి, రోగం ఉందన్న అనుమానం వస్తే చాలు, బంధించి మందులెక్కించేవారు. 2014లో 122 మంది ప్రభుత్వం మీద కేసు వేశారు. 2022 సెప్టెంబరులో కొరియా సుప్రీంకోర్టు రాజ్యానిదే బాధ్యతని తేల్చి పరిహారమివ్వమంది. ఇప్పటికీ తెల్లవాడి పక్కన కొరియన్ అమ్మాయి నడుస్తుంటే వెనక నుంచి గొణుగుడు వినిపిస్తుంది. అతను ఐర్లండు నుంచి వచ్చిన గ్రామర్ టీచరే కావచ్చు. అతన్ని సైనికుడనుకుంటే అతనికి పోయేదేం లేదు. ఆమెని మాత్రం ఆ పాత పేరుతో పిలుస్తారు. ఒకే పొరపాటు, మగవాడికి చిరాకు, ఆడదానికి మచ్చ.

పరీక్షల కథ అక్కడితో ఆగలేదు. 2007 నుంచి విదేశీ ఇంగ్లీషు టీచర్లు హెచ్ఐవి పరీక్ష చేయించుకోవాలని నిబంధన వచ్చింది. కొరియన్ టీచర్లకి గానీ, విదేశాల నుంచి వచ్చిన కొరియన్ సంతతి టీచర్లకి గానీ అది లేదు. ఒక న్యూజిలాండ్ టీచరు రెండోసారి పరీక్షకి ఒప్పుకోలేదు, ఉద్యోగం పోయింది. ఆమె ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన కమిటీ దాకా వెళ్ళింది. 2015లో కమిటీ ఆ నిబంధనని తప్పుపట్టింది, 2017లో ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. ఒకప్పుడు విదేశీ సైనికుడి ఆరోగ్యం కోసం స్వదేశీ స్త్రీకి పరీక్ష. తర్వాత స్వదేశీ పిల్లల రక్షణ కోసం విదేశీ టీచరుకి పరీక్ష. రెంటి వెనకా ఉన్న భయం ఒకటే, రోగం 'వాళ్ళ' ఒంట్లోంచి వస్తుందని. ఆ 'వాళ్ళు' ఎవరన్నది మాత్రం మారుతుంటుంది.

మా అంతస్తులో నిజంగా అమెరికన్ అయిన మనిషి ఒక్కతే, ఆ మూడో అమ్మాయి. ఆమెని ఎవరూ, ఒక్కసారి కూడా, "మిగుక్?" అని అడగలేదు. ఆమె నోరు తెరిస్తే చాలు, టాక్సీ డ్రైవర్లు కొరియన్ సరిగ్గా రానందుకు చీవాట్లు పెట్టేవారు. అమ్మా నాన్నా ఏం నేర్పారని అడిగేవారు. హాగ్వాన్ అంటే మన ట్యూషన్ సెంటర్ లాంటిది, ప్రైవేటు కోచింగ్ బడి. ఆమె చేరిన హాగ్వాన్‌లో ఇద్దరు తల్లులు, మా పిల్లలకి 'అసలైన' అమెరికన్ టీచరు కావాలని అడిగారు. యాజమాన్యం ఆ పిల్లల్ని దక్షిణాఫ్రికా ఆమె క్లాసులోకి మార్చింది. ఉద్యోగానికి అప్లికేషన్‌తో పాటు ఫొటో ఎందుకు అడుగుతారో ఆ రోజు నాకు అర్థమైంది. నల్లజాతి అమెరికన్ టీచర్లని ఆఫ్రికాలో ఏ దేశమని అడుగుతారని కూడా ఆమే చెప్పింది. అమెరికాలో పుట్టినవాళ్ళకి దొరకని అమెరికా అక్కడ అడుగు పెట్టనివాళ్ళకి ఉచితంగా దొరికింది.

ఇక నేను. ఇంగ్లీషు సంభాషణ నేర్పే టీచర్లకిచ్చే వీసాకి మాతృభాష ఇంగ్లీషుగా లెక్కించే దేశాలు ఏడు: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండు, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. 2010 జనవరిలో అమల్లోకొచ్చిన భారత్-కొరియా ఆర్థిక ఒప్పందం, తగిన అర్హతలున్న భారతీయులు బడుల్లో సహాయక టీచర్లుగా చేరడానికి తలుపు తీసింది. ఆ తలుపులోంచి వచ్చిన ఒక్క మనిషీ నాకు ఎదురుపడలేదు. దక్షిణాఫ్రికా ఆమెకి ఇంట్లో ఆఫ్రికాన్స్, బడిలో ఇంగ్లీషు. నాకు ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు. ఇద్దరికీ ఆ భాష దొరికిన దారి ఒకటే. మా కింది అంతస్తు ఆవిడ తన కూతురికి ఇంగ్లీషు చెప్పమని ఆమెని అడిగింది. నన్ను యోగా వచ్చా అని అడిగింది. ఆవిడ మంచి మనిషి, చలికాలంలో కిమ్చి చేసినప్పుడు మొదటి గిన్నె నాకే ఇచ్చేది. చిన్నచూపుకి దుర్మార్గం అక్కర్లేదు, అలవాటు చాలు.

తమాషా ఏమిటంటే ఆ ఏడాదంతా నేను కూడా ఒకచోట అమెరికన్‌నే. ఫోన్ చేసినప్పుడల్లా అమ్మ నవ్వుతూ చెప్పేది, "పక్కింటి పిన్నిగారు మీ అమ్మాయి అమెరికా నుంచి ఎప్పుడొస్తుందని అడిగారే." కొరియా అని ఎన్నిసార్లు చెప్పినా ఆవిడకి అది అమెరికానే. మా వీధిలో విమానమెక్కిన పిల్లలందరూ వెళ్ళేది అక్కడికే మరి. కూరగాయల అవ్వకీ మా పిన్నిగారికీ తేడా ఏముంది? ఇద్దరి బతుకుల్లోకీ ప్రపంచం ఒకే గుమ్మంలోంచి వచ్చింది. ఒకరికి సైన్యంగా, ఇంకొకరికి అల్లుడి ఉద్యోగంగా. అల్లుడి గుమ్మంలోంచి వచ్చిన అమెరికాకి మన ఇళ్ళలో కట్నం లెక్క కూడా కట్టాం.

1886లో వచ్చిన ఆ ముగ్గురు టీచర్లలో ఒకాయన హోమర్ హల్బర్ట్. కొరియన్ నేర్చుకుని, ఆ దేశ స్వాతంత్ర్యం కోసం మాట్లాడి, చివరికి సియోల్ మట్టిలోనే కలిశాడు. కొరియన్‌కీ మన ద్రావిడ భాషలకీ చుట్టరికముందని గత శతాబ్దం మొదట్లో ఒక వ్యాకరణమే రాశాడు. ఆ చుట్టరికాన్ని ఇప్పుడు భాషావేత్తలు సాధారణంగా ఒప్పుకోరు. కానీ రెండు భాషల్నీ మాట మాట పక్కన పెట్టి చూస్తూ చేసిన పొరపాటది. ముఖం చూసి అడగకుండానే తేల్చేసే పొరపాటుకీ దానికీ నా దృష్టిలో చాలా దూరముంది.

నాతో పనిచేసిన కొరియన్ అధ్యాపకురాలికి అరవై దగ్గర పడ్డాయి. మా పొరుగువాళ్ళ ఫిర్యాదు చెప్తే ఆవిడ నవ్వలేదు. "మా అమ్మ సైనిక స్థావరం ఉన్న ఊళ్ళో పెరిగింది. దూరం నుంచే అమెరికన్‌ని గుర్తుపట్టి పక్క సందులోకి తప్పుకోవడం ఆమెకి వాళ్ళమ్మ నేర్పింది. అలాంటప్పుడు అతను కెనడావాడేమో అని ఆగి ఎవరు చూస్తారు?" అంది. కాసేపాగి, "మీ స్నేహితురాళ్ళకి తాము అమెరికన్లు కాదని చెప్పుకునే హక్కు ఉంది. ఆ ముఖానికి వచ్చే జీతం కూడా వద్దంటున్నారా?" అని అడిగింది.

ఆ ప్రశ్నని మేడ మీదికి తీసుకెళ్ళాను. దక్షిణాఫ్రికా ఆమెకి కోపమొచ్చింది, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. న్యూజిలాండ్ అమ్మాయి చాలాసేపు దుప్పటి మడతపెడుతూ ఉండిపోయింది. అమెరికన్ అమ్మాయి మాత్రం, "ఈ ప్రశ్న నన్నెవరూ అడగరు" అంది. కొరియన్‌లో అంది. ఆ వాక్యంలో ఒక్క తప్పూ లేదు.