పగడం లేని పగడపు దిబ్బ

సముద్రం చూడాలంటే ప్రొద్దుటూరు వాళ్ళు నెల్లూరు దాకానో, చెన్నై దాకానో పోవాలి. ఊరి ప్రక్కన పారే పెన్న మాత్రం, నీళ్ళున్న ఏడు, ఎవరి సాయమూ లేకుండా ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. అటువంటి ఊళ్ళో, ఇంటి ముందుగదిలో 850 లీటర్ల సముద్రాన్ని నిలబెట్టాలని మా బావకు బుద్ధి పుట్టింది. మామూలు చేపలతొట్టి కాదు. ప్రవాళ భిత్తిక, అనగా పగడపు దిబ్బ. అందులో బ్రతికే చేపలూ, నత్తలూ, నాచులతో సహా.

"తాగేదానికే నీళ్ళు చాలని ఊర్లో సముద్రం యాడిది బావా?" అన్నాను.

"ఉప్పు కొంటే అదే వస్తాదిలే. నువ్వు లెక్క కట్టు" అన్నాడు.

లెక్క కట్టాను. ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. నీటి బరువే దాదాపు 870 కిలోలు. అద్దం, రాళ్ళు, ఇనుప బల్ల కలిపితే టన్ను దాటుతుంది. మిద్దె మీద పెట్టే మాట మానుకుని, నేల మీద, గోడవార, ఎండ పడని చోట పెట్టాము. ఆ నేల మీద పరిచినవి కడప బండలే. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

సముద్రం అంటే ఉప్పునీళ్ళు అనుకుంటాం గానీ, వంటింటి ఉప్పు కలిపితే అది ఊరగాయ నీళ్ళే అవుతుంది. లీటరు సముద్రజలంలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అందులో సోడియం, క్లోరిన్‌లదే పెద్ద వాటా అయినా, 1300 మిల్లీగ్రాముల మెగ్నీషియం, 400 మిల్లీగ్రాముల కాల్షియం, మరి కొంత పొటాషియం, సల్ఫేటు కూడా తమ పాళ్ళలో ఉండి తీరాలి. అందుకని ఆ పాళ్ళతో తయారైన లవణాల పొడి తెప్పించాము. మా తొట్టికి ముప్పై కిలోలు పట్టింది. కలిపే నీళ్ళు బోరువి కారాదు. మా ప్రాంతపు బోరునీళ్ళలో సున్నమూ, ఫ్లోరైడూ ముందే దండిగా ఉంటాయి. ఆర్వో యంత్రంలో వడగట్టి, లవణాలేవీ లేని నీళ్ళుగా మార్చాకనే ఉప్పు కలిపాము.

ఆ తరువాతిది ఓపిక పరీక్ష. చేపల విసర్జనల నుంచి అమ్మోనియా పుడుతుంది, అది విషం. ఒక జాతి బాక్టీరియా దాన్ని నైట్రైటుగానూ, మరొకటి ఆ నైట్రైటును అంత ప్రమాదం లేని నైట్రేటుగానూ మారుస్తాయి. రాళ్ళ లోపలి సందుల్లో, ప్రాణవాయువు అందని చోట, ఇంకొన్ని జాతులు ఆ నైట్రేటును నత్రజనిగా గాలిలోకి వదిలేస్తాయి. ఈ సంసారమంతా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పాలకు తోడు వేసి కదపకుండా ఉంచినట్టే. గిన్నె కదిపి కదిపి చూస్తే పెరుగు తోడుకుంటుందా? ఆ వారాలన్నీ తొట్టిలో చేపలు లేవు. వచ్చిన చుట్టాలందరూ "నీళ్ళేనా?" అని అడిగి పోయారు.

క్రింద బల్ల లోపల మరో చిన్న తొట్టి. అందులో ప్రోటీన్ స్కిమ్మర్ అనే గొట్టం సన్నని బుడగలు పుట్టిస్తుంది. నీటిలోని మురికి బుడగలకు అంటుకుని, ఉడికే పప్పు మీది తెట్టులాగ పైకి వచ్చి గిన్నెలో పడుతుంది. ఇక ఎండాకాలం. బయట 42 డిగ్రీలు, తొట్టిలో 26 దాటరాదు. పంకాలు నీటిమీదికి తిప్పితే వేడి తగ్గింది గానీ, రోజుకు పది లీటర్లకు పైగా ఆవిరైపోయేవి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు అక్కడే ఉండిపోతుంది. కాబట్టి పోయినంత మేర ఉప్పు కలపని శుద్ధజలమే పోయాలి. కరెంటు పోతే నీరు కదలదు, ప్రాణవాయువు తరిగిపోతుంది. మనుషుల పంకాకన్నా ముందు తొట్టి పంపుకు ఇన్వర్టరు తగిలించాడు బావ. దీని మీద అక్క చేసిన వ్యాఖ్యానం ఇక్కడ వ్రాయను.

చిక్కు రాళ్ళ దగ్గర వచ్చింది. దిబ్బ కట్టడానికి బొక్కలున్న రాళ్ళు కావాలి, బాక్టీరియాకు ఇళ్ళు అవే. ఒక నగరంలోని వర్తకుడు ఫోనులో అన్నీ తానే పంపుతానన్నాడు. సముద్రంలోంచి తీసిన రాళ్ళు, వాటి మీద సజీవమైన పగడాలు, ఎవరికీ తెలియకుండా. ధర కూడా బావకు అందేదే. ఆ రాత్రి ఇద్దరమూ చాలాసేపు మాట్లాడుకున్నాము.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో, 2001 జూలైలో, దిబ్బలు కట్టే రాతి పగడాలన్నిటినీ మొదటి షెడ్యూలులో చేర్చారు. పులి ఉన్నది అక్కడే. చచ్చిన పగడపు ముక్కకు కూడా మినహాయింపు లేదు. శిక్ష మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ జైలు. అయితే మమ్మల్ని ఆపినది జైలు భయమొక్కటే కాదు. మన్నారు సింధుశాఖలో ఒకప్పుడు సున్నం కోసం పగడపు దిబ్బలను పడవల కొద్దీ తవ్వి తీశారు. ఇంగ్లండులో ఫిలిప్ హెన్రీ గాస్ 1854లో 'ది ఆక్వేరియం' అనే పుస్తకం వేస్తే, ఇంటింటా సముద్రపు తొట్టెలు వెలిశాయి. ఆ మోజులో తీరపు రాతిమడుగులన్నీ జనం దోచుకుపోయారని ఆయన కుమారుడు ఎడ్మండ్ 1907లో ఎంతో బాధతో వ్రాశాడు. మడుగుల మీద ప్రేమతో వ్రాసిన పుస్తకమే మడుగులను ఖాళీ చేయించింది! పైగా ఇప్పుడు సముద్రమే వేడెక్కుతోంది. ప్రపంచమంతటా పగడాలు పాలిపోవడం నాలుగవసారి మొదలైందని 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

"మన ముందుగది కోసరం వాటిని పెరికేది వద్దులే" అన్నాడు బావ. అని ఊరుకోలేదు. "మన జిల్లాలో రాళ్ళకేమి కరువు?" అని మరునాడే బండి తీశాడు.

మొదట జమ్మలమడుగు వైపు. అక్కడి సున్నపురాయిని భూగర్భశాస్త్రంలో నార్జి సున్నపురాయి అంటారు. కడప బండలుగా దేశమంతా తిరిగేది ఈ జాతి రాయే. 1872లో భారత భూగర్భ సర్వేక్షణ తరఫున విలియం కింగ్ ఈ సీమ రాళ్ళను వర్గీకరించినప్పుడు, ఈ రాయి ఉన్న వర్గానికి జమ్మలమడుగు పేరే పెట్టాడు. నున్నగా, గట్టిగా ఉంటుంది. నేల మీద పరచడానికి ఏది గుణమో, తొట్టిలో అదే దోషం. బాక్టీరియా దూరే సందు లేదు.

అక్కడి నుంచి ముద్దనూరు మీదుగా పులివెందుల, ఆపైన వేంపల్లె దారి. ఈ రెండు ఊళ్ళూ కింగ్ పుస్తకానికెక్కినవే. పులివెందుల ఒక రాతివరుసకు, వేంపల్లె మరొక దానికి పేరిచ్చాయి. రోడ్డు ప్రక్కన, డోలమైటు రాతి మీద, బోర్లించిన గిన్నెల్లాంటి ఉబ్బులు కనిపించాయి. విరిగిన చోట లోపల ఉల్లిపాయ పొరలు. వాటిని స్ట్రొమటోలైట్లు అంటారు. సుమారు 190 కోట్ల సంవత్సరాల క్రితం ఇది లోతు లేని సముద్రం. కంటికి కనబడని నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవులు నీటి అడుగున చాపల్లాగ పరుచుకుని, ఎండను తిని, మట్టిరేణువులను పట్టుకుని, నీటిలోని సున్నాన్ని పేరబెట్టి, పొర మీద పొర కట్టుకుంటూ పోయాయి. అప్పటికి పగడం లేదు, చేప లేదు, నత్త లేదు. మొదటి పగడం పుట్టడానికి ఇంకా వంద కోట్ల ఏళ్ళకు పైగా ఉంది. అయినా దిబ్బ ఉంది.

నేను ఆ రాయి మీద చెయ్యి పెట్టి నిలబడిపోయాను. బావ మాత్రం ఎక్కువ మాట్లాడలేదు. "పగడాలు లేకుండానే కట్టినాయే ఇవి!" అన్నాడు అంతే.

ఆ రాయిని తొట్టిలో వేయలేదు. ఆ డోలమైటు వరుసలోనే తుమ్మలపల్లె యురేనియమూ, పులివెందుల రాతినారా ఉన్నాయి. ఏ రాతిలో ఏముందో తెలియకుండా నీళ్ళలో పెట్టడం తగదు. తెల్ల సిమెంటు, ముతక ఇసుక, గళ్ళుప్పు కలిపి మేస్త్రి చేత రాళ్ళే పోయించాము. ఉప్పు కరిగిపోయిన చోటల్లా బొక్కలు మిగిలాయి. సిమెంటు ఘాటు పోయేదాకా కొన్ని వారాలు మంచినీళ్ళు మారుస్తూ నానబెట్టాము. చేపలు కూడా సముద్రంలో పట్టినవి కావు. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేపలను తొట్లలోనే గ్రుడ్లు పెట్టించి పెంచే పద్ధతి ఎప్పుడో సాధించింది. అట్లా తొట్లలో పుట్టిన జంటనే తెచ్చాము. వాటికి సముద్రం ఎప్పుడూ తెలియదు, ప్రొద్దుటూరే సముద్రం.

మరో తొట్టెగాడి దగ్గర గోకి తెచ్చిన గులాబిరంగు సున్నపునాచును రాళ్ళ మీద చల్లాము. నిజమైన దిబ్బల్లో పగడాలను ఒకదానితో ఒకటి అతికి నిలబెట్టేది ఈ నాచే. దీనికి ఆహారం కాల్షియం. రోజూ రాత్రి చుక్క చుక్కగా సున్నపు తేట పడేటట్టు అమర్చాము. రాత్రిపూట నీటిలో ఆమ్లగుణం కొంత పెరుగుతుంది, సున్నపు తేట దాన్ని సరిచేస్తుంది. జర్మనీ వాళ్ళు కాల్క్‌వాసర్ అని గొప్పగా చెప్పుకునేది మన సున్నపు తేటే! అయితే తమలపాకు సున్నం కాదు, ప్రయోగశాలలో వాడే శుద్ధమైనది.

ఏడాది తిరిగేసరికి సిమెంటు రాళ్ళు గులాబిరంగు తిరిగాయి. వచ్చినవాళ్ళు ఇప్పటికీ "పగడాలు యాడుండాయి?" అని అడుగుతారు. బావ వాళ్ళ కాళ్ళ క్రింది బండలు చూపించి, ఇది కూడా సముద్రపు అడుగే అని మొదలుపెడతాడు. వేంపల్లె కథ దగ్గరికి వచ్చేసరికి సగం మంది కాఫీ తాగి లేచిపోతారు. మిగిలిన సగం మందిలో ఒక చిన్న పిల్ల, ఆ గిన్నెల్లాంటి రాళ్ళు చూపించమని పట్టుబట్టింది. వచ్చే ఆదివారం పులివెందుల దారిలో వెళ్తున్నాము.