రౌటర్ ఎనుక పెన్ డ్రైవు, అందుల మా ఎనిమిది మంది కాయిదాలు

ఇయ్యాల ఆదివారం, సైటు బంద్. బట్టలు పిండి ఆరేసినం, చికెన్ పొయ్యి మీద ఉన్నది. ఈ మధ్య కలిసినోళ్ళందరు అడుగుతున్నరు, "మీ రూంల సొంత క్లౌడ్ పెట్టుకున్నరట గదా, ఏందది?" అని. క్లౌడ్ అంటే పెద్ద మాట. మా దగ్గర ఉన్నది వైఫై రౌటర్ ఎనుక గుచ్చిన ఒక పెన్ డ్రైవు, అంతే. కానీ దాంతోని ఏమైందో చెప్పాలె, అందుకే ఇంత పొడుగు రాస్తున్నం. ఓపిక ఉన్నోళ్ళు సదువుండ్రి.

మేం షార్జాల ఒక రూంల ఎనిమిది మందిమి ఉంటం. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల దిక్కోళ్ళం. మేస్త్రీలు, షట్టరింగ్ కార్పెంటర్లు, ఒక ఎలక్ట్రీషియన్, ఒక సూపర్వైజర్. అందరిల ఎక్కువ సదువు పదో తరగతి. నెట్ బిల్లు ఎనిమిది వాటాలు చేసి కట్టుకుంటం.

ఇది మొదలైంది 2021ల. షట్టరింగ్ చేసే తమ్ముని ఫోన్ ఐదో అంతస్తు మీదికెళ్ళి కింద పడి ముక్కలైంది. ఫోన్ పోతే మళ్ళ కొనుక్కోవచ్చు. అందుల వాళ్ళమ్మ ఉండె. ఆమె ఆ ఎండకాలమే కరోనాతోని పోయింది. ఏప్రిల్‌ల ఇండియా నుంచి ఇటు వచ్చే ప్రయాణికులను ఆపేసిండ్రు, యాదికున్నదా? పోతే మళ్ళ వచ్చుడు ఎప్పుడో తెల్వదు, ఇంటి మీద అప్పు. పోలేదు వాడు. ఆఖరి వీడియో కాల్‌ల తీసుకున్న నాలుగు స్క్రీన్‌షాట్లు, "తిన్నవా బిడ్డా" అని ఆమె పంపిన వాయిస్ మెసేజులు, అన్ని ఆ ఫోన్లనే. బ్యాకప్ లేదు. దుకాణాలన్ని తిరిగినం, చిప్ పగిలింది, ఏం రాదన్నరు. వాడు ఏడ్వలేదు గని వారం దినాలు ఎవ్వరితోని మాట్లాడలే.

అదే ఏడాది జూన్ 1 నుంచి గూగుల్ ఫోటోస్‌ల ఎన్నంటె అన్ని ఉత్తగ దాచుకునుడు కూడ బంద్ అయింది. మెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్ని కలిపి 15 జీబీ. ఇంటికాడి పెండ్లిళ్ళు, పురుళ్ళు, చావులు అన్ని వీడియోలల్లనే చూసేటోళ్ళం, మనకు 15 జీబీ ఎన్ని దినాలు వస్తది? నెల నెల పైసలు కడితే ఎక్కువ ఇస్తరు. కట్టొచ్చు, తప్పు లేదు. కానీ జీతం రెండు నెలలు ఆగితే ముందు ఆపేది అసొంటియే గదా.

అప్పుడు మా ఎలక్ట్రీషియన్ తమ్ముడు రౌటర్ తిప్పి చూపించిండు. ఎనుక పెన్ డ్రైవు పట్టేటి బొక్క ఒకటి ఉన్నది. రెండేండ్ల నుంచి దాని మీద దుమ్ము తుడుస్తున్నం గని అదెందుకున్నదో ఎవలం అడగలే. 64 జీబీ పెన్ డ్రైవు తెచ్చి గుచ్చినం. రౌటర్ కింద స్టిక్కర్ మీద ఒక నంబరు ఉంటది, మాది 192.168.1.1. అది బ్రౌజర్ల కొడితే రౌటర్ లోపలి పేజీ తెరుసుకుంటది. అండ్ల యూఎస్‌బీ అనో, స్టోరేజ్ అనో రాసి ఉంటది. సాంబా అనేది ఆన్ చేసినం. ఫోన్లల్ల నెట్‌వర్క్ ఫోల్డర్లు తెరిచే ఫైల్ మేనేజర్ పెట్టుకున్నం. ఐఫోన్ అయితే దాంట్ల ఉన్న ఫైల్స్ యాప్‌లనే "కనెక్ట్ టు సర్వర్" ఉంటది. ఇగ ఎనిమిది ఫోల్డర్లు, ఎనిమిది పేర్లు.

చిన్న చిన్న తంటాలు చానా అయినయ్. చెల్లె పెండ్లి వీడియో ఎక్కించవోతే సగంల ఆగుడు. పాత ఫాట్32 పద్ధతిల ఉన్న డ్రైవు 4 జీబీ కన్నా పెద్ద ఫైల్ పట్టదట. ఎక్స్‌ఫాట్ చేస్తే మా రౌటర్ గుర్తే పట్టలే. ఎన్‌టీఎఫ్‌ఎస్ చేస్తే పట్టింది. తిరిగే పెద్ద హార్డ్ డిస్క్ పెడితే రౌటర్ ఇచ్చే కరెంటు సాలక టిక్ టిక్ అని సప్పుడు చేసింది, తీసేసినం.

పెద్ద తప్పు ఒకటి చేసినం, దాచుకునేది ఏముంది. రూంల ఉన్నప్పుడే ఎందుకు, సైట్ల నుంచి కూడ, ఇంటికాడ పెండ్లాం పిల్లలు కూడ చూసుకుంటే మంచిగుంటది అనుకున్నం. ఎఫ్‌టీపీ ఆన్ చేసి బయటికి తెరిచినం. పాస్‌వర్డ్ ఏందంటే అడ్మిన్, అడ్మిన్. ఇరవై దినాలకు డ్రైవుల మేం పెట్టని ఫైల్ ఒకటి కనిపించింది. ఎవలన్న పెట్టిండ్రా అని అందరినడిగినం, ఎవలు కాదు. గుండె జల్లుమన్నది. ఎనిమిది మంది పాస్‌పోర్టుల ఫోటోలు అండ్ల ఉన్నయ్. దొడ్డి దర్వాజ తీసిపెట్టి పండుకున్నట్టు చేసినం. ఎఫ్‌టీపీల పాస్‌వర్డ్ కూడ దాపరికం లేకుండ పోస్ట్ కార్డు మీద రాసినట్టే పోతదని తర్వాత తెలిసింది. ఆ రాత్రే బయటి దారి మూసి, పాస్‌వర్డులన్ని మార్చినం. ఎవలన్న ఏమన్న తీసుకపోయిండ్రా అనేది ఎట్ల తెలుస్తది? కొన్ని నెలలు తెల్వని నంబరు ఫోన్ వస్తే చాలు, ఒకల మొకం ఒకలం చూసుకునేది. అప్పటి నుంచి రూంల వైఫైకే, బయటికి లేదు. ఇంటికి పంపేది ఉంటే వాట్సాప్‌ల పంపుతం.

ఇంకొక ముచ్చట. మా రౌటర్ల ఒక్కొక్కలకు వేరే తాళం ఉండదు, అందరి ఫోల్డర్లు అందరికి తెరుసుకుంటయ్. అందుకని ఇంటి ఆడోళ్ళ ఫోటోలు, పెండ్లాంతోని మాట్లాడిన వీడియోలు అండ్ల పెట్టొద్దని మాట అనుకున్నం. ఎవల ఫోల్డర్ వాళ్ళే తెరువాలె. ఇప్పటి దాక మాట తప్పలే.

ఫోటోలకని మొదలు పెట్టినం గని, పనికొచ్చింది కాయిదాలు.

మా రూంల ఒక కాక ఉండె, మేస్త్రీ. 2011ల వచ్చిండు, ఒక్కటే కంపెనీ. ఒక శుక్రారం అందరం కూసోబెట్టి ఆయన సూట్‌కేసుల ఉన్నయన్ని ఫోటోలు తీసినం. ఆఫర్ లెటరు, పాత లేబర్ కార్డు, జీతం చీటీలు, ఏజెంటు ఇచ్చిన రసీదు సుత. "నేనేమన్న సస్తున్ననారా, గివన్ని ఎందుకు?" అని గొణిగిండు. చాయ్ పోసి కూసోబెట్టినం.

2024 ఏప్రిల్ 16 వాన ఎవలు మర్చిపోరు. లెక్కలు రాసుడు మొదలుపెట్టిన 75 ఏండ్లల్ల అంత వాన ఈ దేశంల లేదన్నరు. అల్ ఐన్ దిక్కు ఒక్క రోజుల 254 మిల్లీమీటర్లు పడ్డది. మాది గ్రౌండ్ ఫ్లోర్. రాత్రి నీళ్ళు లోపలికొచ్చినయ్. బియ్యం బస్తా పైకెత్తేటోడు ఒకడు, సిలిండర్ పట్టుకునేటోడు ఒకడు. ఎలక్ట్రీషియన్ తమ్ముడు మాత్రం ముందుగల రౌటర్ వైరు పీకి, పెన్ డ్రైవు తీసి టిఫిన్ డబ్బల పెట్టి మూతేసి పై మంచం మీద పెట్టిండు. కరెంటు మూడు దినాలు లేదు. కరెంటు లేకపోతే మా క్లౌడూ లేదు, అది వేరే సంగతి. కాక సూట్‌కేసు మంచం కింద ఉండె. పొద్దుగాల తెరిస్తే కాయిదాలు పిండి ముద్దయినయ్. సిరా అంత కారిపోయింది.

రెండు నెలలకు ఆయన కంపెనీ మనుషులను తీసేసుడు మొదలుపెట్టింది. కంపెనీ పేరు నడిమిట్ల మారిందట, కాకకు కొత్త పేరు మీద రెండేండ్ల సర్వీసే లెక్క కట్టిండ్రు. ఇక్కడి చట్టం ప్రకారం గ్రాట్యుటీ మూల జీతం మీదనే, మొదటి ఐదేండ్లకు ఏడాదికి 21 దినాల జీతం, తర్వాత ఏడాదికి 30 దినాలు. కాక మూల జీతం 900 దిర్హాంలు, అంటే దినానికి 30. రెండేండ్లకైతే 42 దినాలు, 1,260 దిర్హాంలు. పదమూడేండ్లకైతే 105 దినాలు, 240 దినాలు, కలిపి 345. అంటే 10,350. బిడ్డ పెండ్లి అప్పు ఆ రెండు లెక్కల నడుమ ఉన్నది.

"కాయిదాలు లేవు గదా, ఇచ్చినంత తీసుకుంట" అన్నడు కాక. పదమూడేండ్లు ఎండల గోడలు కట్టిన మనిషి, ఆ మాట అనుకుంట కింద కూసున్నడు. తమ్ముడు ఫోన్ తీసి కాక పేరున్న ఫోల్డర్ తెరిచిండు. లేబర్ కార్డు మీద నంబరు, తారీఖు, కంపెనీ పాత పేరు, అన్ని సాఫ్ కనిపిస్తున్నయ్. మోహ్రే యాప్‌ల ఫిర్యాదు పెట్టినం, అరబ్బీ టైపింగ్ సెంటర్ల ఒకాయన సాయం చేసిండు. ఫోటో చూసి పైసలియ్యలే, అది కూడ చెప్పాలె. ఆ నంబరు చెప్తే మంత్రిత్వ శాఖల ఉన్న పాత రికార్డు బయటికొచ్చింది. నంబరు లేకపోతే ఎక్కడ అడగాల్నో కూడ మాకు తెల్వకపోవు. రాజీల పదమూడేండ్లకే లెక్క కట్టిండ్రు.

ఆ వాన తర్వాత ఇంకొకటి సమజైంది. డ్రైవు టిఫిన్ డబ్బల పెట్టినోడు ఆ రాత్రి నైట్ షిఫ్ట్‌ల ఉంటే? రౌటర్ ఎనుక ఉన్నది ఒక్కటే డ్రైవు, అది కాలితే అందరివి పోతయ్. ఎండకాలం ఆ రౌటర్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతది. అందుకని రెండో డ్రైవు కొన్నం. ఇప్పుడు సెలవు మీద పోయేటోళ్ళ సంచిల అది ఊరికి పోతది, వచ్చేటోళ్ళ సంచిల మామిడికాయ తొక్కుతోని తిరిగొస్తది. మళ్ళ నింపి పంపుతం. కాయిదాల ఫోల్డర్ మాత్రం జిప్ చేసి పాస్‌వర్డ్ పెట్టి, ఒకసారి బుద్ధొచ్చింది గదా.

కాక ఖాళీ చేసి పోయేటప్పుడు ఆ డ్రైవు ఆయనకే ఇచ్చినం. ఇప్పుడు మా అందరి కాయిదాలు జగిత్యాల దగ్గర ఒక పల్లెల కాక బీరువల, చీరెల నడుమ ఉన్నయ్. మొన్న బోటిం‌ల ఫోన్ చేసిండు. మనవడు డ్రైవు టీవీకి గుచ్చిండట, కాక హెల్మెట్ పెట్టుకొని ముప్పయ్యో అంతస్తుల నిలబడ్డ ఫోటో వచ్చిందట. "నేను అంత నల్లగయిన్నారా?" అని నవ్విండు. తర్వాత, "ఆడ నా ఫోల్డర్ తీసెయ్యుండ్రి, కొత్తోళ్ళకు జాగ సాలదు" అన్నడు.

ఆయన మంచం మీద ఇప్పుడు కోరుట్ల తమ్ముడు పండుకుంటున్నడు, వానికి కొత్త ఫోల్డర్ చేసినం. కాకది తీయలే. ముప్పై ఎంబీ కూడ లేదు అది.

చికెన్ అడుగంటుతున్నట్టు వాసన వస్తున్నది, లేస్తున్నం.