వరండాకు అద్దాలు బిగించాం

  రెండు నెలలుగా ఏమీ రాయలేదని కొందరు ఫోన్ చేసి అడిగారు. తీరిక లేక కాదు. రాయవలసిన సంగతి మా ఇంటి సంగతే కావడంతో వెనకాడుతూ వచ్చాం. ఇంక రాయకుండా ఉంటే మిగతా ఏది రాసినా నోరు రాదనిపించి కూర్చున్నాం.

మా ఇంటి వరండా మీలో చాలామందికి తెలుసు. 18 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు, పడమటి ముఖం. రెండున్నర అడుగుల పిట్టగోడ, కింద మాచర్ల నాపరాళ్ళు. వాన నీళ్ళు బయటికి పోవాలని ఆనాటి మేస్త్రీ కొంచెం వాటం పెట్టి పరిచాడు. మడతమంచం వేస్తే ఒకవైపు దిగినట్టుండేది. పెళ్ళి ప్రకటన చెప్పించుకోవడానికి వచ్చినవాళ్ళు, బాప్తిస్మ సర్టిఫికెట్ కావలసినవాళ్ళు, మిరపకోతల నుంచి తిరిగి వెళ్తూ మంచినీళ్ళకు ఆగినవాళ్ళు, ఇంట్లో గొడవపడి చంటిబిడ్డను చంకన వేసుకొని వచ్చేసిన ఆడపిల్లలు, అందరూ అక్కడే. ఎవరూ తలుపు కొట్టేవాళ్ళు కాదు, పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదు. వచ్చి కూర్చునేవాళ్ళు. మాలో ఎవరో ఒకరం చూసి బయటికి వచ్చేదాకా అలా కూర్చునే ఉండేవాళ్ళు.

లోపల ఉన్నవి రెండు గదులు. మా అమ్మాయి ఇంటర్ బైపీసీకి వచ్చింది. పుస్తకాలు వరండాలో ఒక మూలన బల్ల మీద ఉండేవి. జల్లు కొడితే తడిసేవి, ఎండాకాలం దుమ్ము కొట్టేది. అంతకంటే పెద్ద ఇబ్బంది, ఎవరి దుఃఖమైనా ఆ పిల్ల చెవిన పడకుండా ఉండేది కాదు. పాస్టర్ పిల్లలు చిన్నప్పటినుంచి వినకూడనివి ఎన్నో వింటారు. ఒకరోజు రాత్రి అన్నం తింటూ "నాన్నా, నాకు తలుపు ఉండే చోటు ఒకటి కావాలి" అంది. అది అత్యాశ అని మేము ఈరోజుకీ అనుకోవడం లేదు.

ఆ రోజుల్లోనే అమెరికాలో ఉన్న మన సంఘ బిడ్డ ఒకరు వాళ్ళ ఇంటి వెనక కట్టించుకున్న అద్దాల గది ఫోటో పంపారు. సన్‌రూమ్ అంటారట. చుట్టూ మంచు, లోపల కుర్చీలో ఎండ. చూడముచ్చటగా ఉంది. మన వరండా కూడా ఇలా మూసేస్తే పాపకు గది అవుతుంది కదా అని అమ్మగారు అన్నారు. కొత్తగా పునాది తీయనక్కరలేదు, స్లాబు ఉంది, పిట్టగోడ ఉంది. అల్యూమినియం చట్రాలు, జరిపే అద్దాలు బిగిస్తే పని అయిపోతుంది.

మొత్తం 84 వేలు అయింది. కువైట్‌లో ఇంటిపని చేసుకుంటున్న మన సహోదరి ఒకరు 40 వేలు పంపారు. సంఘం 20 వేలు ఇచ్చింది. మిగతాది మేము వేసుకున్నాం. పనిలో పని అని నాపరాళ్ళు ఊడదీయించి, ఇంటి వెనక గోడవారగా పేర్పించి, తెల్ల టైల్స్ వేయించాం. పనివాడు బయటినుంచి లోపల కనబడని రకం అద్దం మంచిదన్నాడు. సరే అన్నాం. డిసెంబరు రెండో వారంలో, క్రిస్మస్ ముందు, ప్రతిష్ఠ ప్రార్థన పెట్టుకున్నాం. 2 రాజులు 4వ అధ్యాయం తీసి షూనేమీయురాలు తన ఇంటి మీద కట్టించిన చిన్న గది గురించి చెప్పాం. మంచం, బల్ల, పీట, దీపస్తంభం. పులిహోర, కేకు పెట్టాం. అందరూ బాగుందన్నారు.

బాగానే ఉంది, చలికాలం వరకు. ఎండలు ముదిరాక తెలిసింది మేము చేసిన తెలివితక్కువ పని. చలిదేశంలో ఆ గది ఎందుకు కడతారో ఆలోచించలేదు. అద్దంలోంచి ఎండ లోపలికి వస్తుంది, నేల, గోడలు కాగుతాయి, ఆ కాక మళ్ళీ బయటికి పోదు. వాళ్ళకు కావలసింది అదే. మే నెలలో 44, 45 డిగ్రీలు చూసే పల్నాడులో, అదీ పడమటి ముఖం వరండాకు, మేము డబ్బిచ్చి వేడిని లోపల బంధించాం. జరిపే అద్దాలు రెండు తెరిస్తే రెండు మూసుకుంటాయి కాబట్టి ఎంత తెరిచినా సగమే గాలి. లోపలి పడకగదికి ఉన్న ఒక్క కిటికీ ఈ వరండాలోకే తెరుచుకుంటుంది. అంటే ఆ గదికి కూడా గాలి ఆగిపోయింది. క్రిస్మస్‌కు వెలిగించగా మిగిలిన కొవ్వొత్తి పాప బల్ల మీద ఉంటే, ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం అది నడుము విరిగినట్టు వంగిపోయింది. ఇలాంటివి కట్టించుకోవాలనుకునేవాళ్ళు ముందు ఎండ ఏ దిక్కునుంచి వస్తుందో, లోపలి గదుల కిటికీలు ఎటు తెరుచుకుంటాయో చూసుకోండి.

వేడితో ఎలాగో సర్దుకునేవాళ్ళం. ఈలోగా అవ్వ సంగతి జరిగింది.

పేరు రాయడం లేదు. రాయమని అవ్వే చెప్పింది, పేరు మాత్రం వద్దంది. మన మందిరంలో ఎడమవైపు రెండో స్తంభం దగ్గర కూర్చునే మనిషి. షుగర్ ఉంది. వారానికి రెండుసార్లయినా మధ్యాహ్నం నాలుగు గంటలకు వరండా మెట్టు మీద కూర్చునేది. ఒక్కోసారి మాత్రల చీటీ చదివించుకోవడానికి, ఒక్కోసారి ఊరికే. ఫిబ్రవరి నుంచి కనబడలేదు. ఆదివారాలు కూడా రాలేదు. మాచర్లలో కూతురు దగ్గరికి వెళ్ళి ఉంటుందని అనుకున్నాం. అనుకున్నాం, అంతే. ఎవరినీ అడగలేదు. నాలుగు వీధుల అవతల ఇల్లు.

మార్చి చివర్లో ఆశా వర్కర్ చెప్పింది, అవ్వ గుంటూరు ఆసుపత్రిలో ఉందని. కాలికి పుండు ముదిరి వేలు నల్లబడింది. మేము వెళ్ళేసరికి వేలు తీసేశారు. మంచం పక్కన కూర్చుని "అవ్వా, ఇంత జరుగుతుంటే మాకొక మాట చెప్పకూడదా" అన్నాం. కొంచెం కోపంగానే అన్నాం. అవ్వ మా వంక చూసి చెప్పింది.

"వచ్చాగదయ్యగారూ. మూడుసార్లు వచ్చా. అద్దంలో నేనే కనబడ్డా. లోపల ఎవరున్నారో తెలవలా. తెల్లబండలు వేశారు, నా కాలికేమో రసి కారతా ఉంది. ఎట్టా ఎక్కేది? ఎదురుగా కరెంటు స్తంభం కింద కాసేపు కూర్చొని పోయినా."

ఆ మూడుసార్లూ మేము ఇంట్లోనే ఉన్నామా లేదా అని తరువాత చాలా లెక్కలు వేశాం. ఒకసారి కచ్చితంగా ఉన్నాం. ఆదివారం ప్రసంగం సిద్ధం చేసుకుంటున్నాం, పాప బల్ల దగ్గర, ఆ అద్దం వెనకే. ఆసుపత్రి నుంచి వచ్చిన మరుసటి వారమే పరిశుద్ధ గురువారం. ప్రభువు శిష్యుల పాదాలు కడిగిన భాగం మీద మాట్లాడాలి. ఆ రోజు మా ప్రసంగం ఎందుకంత చిన్నదైందని అడిగినవాళ్ళకు ఇదే జవాబు.

అవ్వ ఇంకో మాట కూడా చెప్పింది. తన చిన్నతనంలో వాళ్ళమ్మ మోతుబరి ఇంటికి పనికి వెళ్తే అరుగు కిందే నిలబడేదట. వాన వచ్చినా కిందే. ఆ ఇంటివాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, కూలి సరిగ్గానే ఇచ్చేవాళ్ళు అంది. అరుగు మాత్రం ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. ఆమె అడక్కుండా ఎక్కి కూర్చున్న మొదటి అరుగు పాస్టర్ గారి ఇంటిదే. ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చారని, తరువాత గురజాల చేరి మన పల్నాడులో పనిచేశారని సెమినరీలో చదువుకున్నాం, పరీక్షలో రాశాం. మిషన్ బంగళాలకు అంతంత వెడల్పు వరండాలు ఎండ కోసం కట్టారని అనుకునేవాళ్ళం. ఎండ కోసమే కట్టి ఉండవచ్చు. వాటి మీద కూర్చున్నవాళ్ళకు మాత్రం అది వేరే సంగతి. ఎవరి గడప ముందు ఎంత దూరంలో నిలబడాలో మన అమ్మమ్మలకు ఒళ్ళే చెప్పేది. అవ్వకు ఆరోజు మా ఇంటి ముందు ఆ పాత లెక్కే గుర్తొచ్చింది.

ఇంటికి వచ్చాక లూకా 16లో ధనవంతుడి సంగతి మళ్ళీ చదివాం. ఎన్నోసార్లు ప్రసంగించిన భాగమే. ఆయన లాజరును కొట్టాడని గానీ, పొమ్మన్నాడని గానీ అక్కడ లేదు. వాకిలి ఉంది, వాకిలి బయట ఒక మనిషి ఉన్నాడు, ఒంటి నిండా కురుపులతో. అంతే ఉంది. షూనేమీయురాలి భాగం కూడా తీశాం. ఆమె గది కట్టించింది దారిన పోయే ప్రవక్త కోసం, తన కోసం కాదు. ప్రతిష్ఠ రోజున ఆ అధ్యాయం చదివి వినిపించినప్పుడు ఈ ముక్క మా కంటికి ఎలా ఆనలేదో తెలియదు. అద్దంలో చూసినట్టు అని ఇంకో వాక్యం కూడా మీకు గుర్తుకు రావచ్చు. దాని జోలికి వెళ్ళడం లేదు, దాన్ని చెప్పే ముఖం ప్రస్తుతానికి లేదు.

మొత్తం పీకేద్దామని మేమిద్దరం అనుకున్నాం. పాప పరీక్షలు అప్పటికి అయిపోయాయి. కానీ అప్పుడు ఆ పిల్ల చోటు ఏమవుతుంది? అవ్వకు చేసిన తప్పు తీర్చుకోవడానికి కూతురికి ఇచ్చిన మాట తీసేసుకోవడమూ సరి కాదు. సేవకుల ఇళ్ళల్లో ఇలాంటి త్యాగాలన్నీ పిల్లల లెక్కలోంచే పోతుంటాయి. ఆ పిల్లే టేపు తెచ్చి కొలిచింది. ఉత్తరం వైపు 8 అడుగులు తనకు చాలంది. మధ్యలో నాలుగున్నర అంగుళాల గోడ లేపి తలుపు పెట్టించాం. పడకగది కిటికీ ఉన్న దక్షిణం వైపు 10 అడుగులు విప్పేశాం. ఇప్పుడు రెండు గదులకూ గాలి వస్తోంది. పాప గదికి పడమటి వైపు అద్దం మీద తాటాకు తడిక కట్టాం.

విప్పిన చట్రాలకు షాపువాళ్ళు తూకం రేటే ఇస్తామన్నారు. రెండు అద్దాలు మందిరం పక్క గది కిటికీకి, పాలిథిన్ షీటు కట్టి ఉన్నచోట, బిగించాం. మిగతావి నష్టమే. ఆదివారం ఆరాధన తరువాత సంఘం ముందు నిలబడి లెక్క చెప్పాం. ఒక పెద్దాయన "బిగించేటప్పుడు ఆలోచించాలి అయ్యగారూ, అది కూలీనాలీ డబ్బు" అన్నారు. అవును, ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. కువైట్ సహోదరికి ఫోన్ చేసి జరిగింది చెప్పాం. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత "పాపకు గది ఉంటది కదా అయ్యగారూ" అని మాత్రం అడిగారు. ఉంటుందని చెప్పాం. ఎన్ని ఇళ్ళలో గిన్నెలు తోమితే వచ్చిన డబ్బో అది. ఆమె సెలవుకు వచ్చినప్పుడు ఎదురుగా కూర్చుని మాట్లాడవలసింది ఇంకా ఉంది.

జూన్ నెలాఖరులో అవ్వ వచ్చింది. చేతికర్ర పట్టుకుని, మనవడి భుజం మీద చెయ్యి వేసి. కుర్చీ వేశాం, కూర్చోలేదు. ఎప్పటిలాగే మెట్టు మీద కూర్చుంది. కాసేపయ్యాక పైకి ఎక్కబోయి ఆగింది. కర్ర టైల్స్ మీద నిలవడం లేదు. "అద్దాలు తీశారు గానీ ఈ బండలు జారతన్నయ్యి అయ్యగారూ, ఆ నాపరాళ్ళేం చేశారు?" అని అడిగింది.

ఇంటి వెనక ఉన్నాయి. రెండు పగిలాయి, మిగతావి బాగానే ఉన్నాయి. మళ్ళీ పరవడం మొదలుపెట్టాం, ఇప్పటికి పదకొండు వేశాం. వాటం సరిగ్గా కుదరడం లేదు, మొన్నటి వానకు నీళ్ళు లోపలికే వచ్చాయి. మనలో తాపీపని తెలిసినవాళ్ళు ఎవరైనా శనివారం ఖాళీగా ఉంటే తాపీ, మట్టపు గొట్టం తెచ్చుకుని రండి. భోజనం మా ఇంట్లోనే.