గవ్వ పేరుతో నోటు.. వారం పేరుతో మనిషి: ఇదీ ఘనా!

మాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లకి యూటీసీ టైమ్ అంటే రోజూ ఉండే తలనొప్పే. సర్వర్ లాగ్‌లో కనిపించే టైమ్‌కి ఐదున్నర గంటలు కలుపుకుంటే గానీ మన టైమ్ రాదు. ఈ లెక్కతో పనే లేని దేశం ఒకటుంది. సున్నా డిగ్రీల రేఖాంశం అక్కడి తెమా అనే రేవు పట్టణం మీదుగా పోతుంది. అందుకే అక్కడి గడియారంలోనూ గ్రీన్విచ్ టైమే! అదే పశ్చిమ ఆఫ్రికాలోని ఘనా.

ఆఫీసు పని మీద రెండు నెలలు దాని రాజధాని అక్రాలో ఉన్నాను. బయల్దేరేముందు అందరిదీ ఒకటే మాట.. 'ఆఫ్రికాకా? జాగ్రత్త!' అని. ఆఫ్రికా అంటే 54 దేశాలండీ. వాటిలో ఒక్కదాని గురించే నేను చెప్పేది.

రెండు తెలంగాణలు పక్కపక్కన పెడితే ఎంతో, ఘనా అంతకన్నా కాస్త పెద్దది. 2021 లెక్కల ప్రకారం జనాభా 3.08 కోట్లు. దక్షిణాన దాదాపు 540 కిలోమీటర్ల సముద్రతీరం. ఆఫీసుల్లో ఇంగ్లిష్, ఇళ్లలో ట్వి, ఫాంటి, ఎవే, గా, దగ్బాని లాంటి భాషలు. పదిమందిలో ఏడుగురు క్రైస్తవులు, ఇద్దరు ముస్లింలు.

మీ పేరేంటో చూసుకోండి!

మనకి నక్షత్రాన్ని బట్టి పేరులో మొదటి అక్షరం వస్తుంది కదా. అక్కడి అకాన్ ప్రజలకి పుట్టిన వారాన్ని బట్టి పేరే వచ్చేస్తుంది. మగపిల్లలైతే ఆదివారం క్వాసి, సోమవారం కోజో, మంగళవారం క్వాబెనా, బుధవారం క్వాకు, గురువారం యావ్, శుక్రవారం కోఫీ, శనివారం క్వామే. ఆడపిల్లలకి ఇదే వరసలో అకోసువా, అజువా, అబెనా, అకువా, యా, అఫువా, అమా. ఐక్యరాజ్యసమితి సెక్రటరీ జనరల్‌గా చేసిన కోఫీ అన్నన్ ఘనా మనిషే. ఆయన ఏ వారం పుట్టారో ఇక చెప్పక్కర్లేదుగా!

కారం మనలాంటిదే

అక్కడ ఎవరికైనా ఏదైనా ఎడమ చేత్తో ఇస్తే మర్యాద కాదు. తింటున్నప్పుడు ఎవరైనా వస్తే 'రండి, తిందాం' అని పిలవాల్సిందే. ఎక్కడో విన్నట్టుంది కదూ? కర్రపెండలం, అరటికాయ ఉడికించి రోట్లో దంచి చేసే ముద్ద ఫుఫు. దాన్ని పులుసులో ముంచుకుని నమలకుండా మింగేస్తారు. నాకు మాత్రం షిటో తెగ నచ్చింది. ఎండుచేపలు, ఎండురొయ్యలు, మిరపకాయలు నూనెలో నల్లగా వేయించి చేసే కారం అది. వేడన్నంలో కలుపుకుంటే మన కోస్తా వాళ్లెవరూ వదలరు.

గవ్వ కథ

ఘనా కరెన్సీ పేరు సెడి. గవ్వని పిలిచే అకాన్ మాట నుంచి వచ్చిందది. ఒకప్పుడు అక్కడ గవ్వలే డబ్బు. మనం 'చిల్లిగవ్వ లేదు' అంటామే, అలాంటి గవ్వలే హిందూ మహాసముద్రంలోని మాల్దీవుల నుంచి ఓడలెక్కి అక్కడి దాకా వెళ్లాయి. వాటితో సరుకులే కాదు, మనుషుల్నీ కొన్నారు.

అక్రా నుంచి మూడు గంటలు ప్రయాణిస్తే కేప్ కోస్ట్ కోట. తెల్లగా, సముద్రం ఒడ్డున, ఫొటోకి భలే ఉంటుంది. కింద మాత్రం చీకటి నేలమాళిగలు. అమెరికాకి, కరీబియన్ దీవులకి ఎగుమతి చేసే బానిసల్ని వాటిలో కుక్కేవారు. మగవాళ్లని బంధించిన గదులకి సరిగ్గా పైన చర్చి ఉండేదని గైడ్ చెప్పాడు. ఆ మాట విన్నాక మా గుంపులో ఎవరూ ఫోన్ పైకెత్తలేదు. చివర్లో సముద్రం వైపు ఒక తలుపు. దాని పేరు 'తిరిగిరాని ద్వారం'. ఈ పక్కనే ఉన్న ఎల్మినా కోటని పోర్చుగీసు వాళ్లు 1482లోనే కట్టారు.

ఇందులో మనకేం సంబంధం అనుకోకండి. మన మచిలీపట్నం ఉన్న కోరమండల్ తీరంలో నేసిన నూలుబట్టల్ని యూరప్ వ్యాపారులు ఇక్కడికి తెచ్చేవారు. వాటికి 'గినీ బట్ట' అని పేరు. బానిసల బేరంలో ఆ బట్ట కూడా చేతులు మారింది. తన బట్ట ఎక్కడికి పోయిందో నేసినవాడికి తెలిసుండదు.

ఓటుకి విలువ

1957 మార్చి 6న బ్రిటిష్ 'గోల్డ్ కోస్ట్' కాస్తా స్వతంత్ర ఘనా అయింది. తొలి నాయకుడు క్వామే ఎన్‌క్రుమా. 1966లో ఆయన్ని సైన్యం దించేసింది. ఆ తర్వాత కూడా కుట్రలు చాలానే జరిగాయి. కానీ 1992 రాజ్యాంగం వచ్చాక 2000, 2008, 2016, 2024 ఎన్నికల్లో జనం ప్రభుత్వాలని ఓటుతోనే మార్చారు.

కష్టాలు లేవని కాదు. కోకో ఉత్పత్తిలో ప్రపంచంలోనే ముందు వరసలో ఉన్నా, చాక్లెట్ లాభం ఎక్కువగా వేరే దేశాలదే. బంగారం కోసం అక్రమంగా తవ్వేస్తుంటే నదులు బురదమయం అవుతున్నాయి. 2022 డిసెంబర్‌లో ధరల పెరుగుదల 54 శాతం దాటింది. అదే నెలలో దేశం విదేశీ అప్పుల చెల్లింపు ఆపేసింది.

వాళ్ల మాట అక్వాబా.. మరి మనది?

ఎయిర్‌పోర్ట్ నుంచి టీ కొట్టు దాకా నాకు ఎక్కువగా వినపడిన మాట 'అక్వాబా', అంటే స్వాగతం. రూమ్ అద్దెకి తీసుకున్నప్పుడు ఓనరమ్మ అడిగింది ఒక్కటే.. 'కారం తింటావా?' అని.

మా టీమ్‌లో ఒకతను హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ చదివాడు. 'ఇరానీ చాయ్ ఇప్పటికీ గుర్తొస్తుంది. కానీ ఇల్లు దొరకడానికి రెండు నెలలు పట్టింది. ఫోన్‌లో సరే అనేవాళ్లు, నన్ను చూడగానే ఖాళీ లేదనేవాళ్లు' అన్నాడు. నవ్వుతూనే చెప్పాడు. నా దగ్గర జవాబు లేదు.

ఘనా వెళ్లాలంటే ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ కావాలి. టీకా కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి. నవంబర్ నుంచి మార్చి మధ్యలో వానలు తక్కువ కాబట్టి తిరగడానికి అదే మంచి టైమ్. వెళ్లడం కుదరకపోతే ఇంకోటుంది. ఈసారి మీ అపార్ట్‌మెంట్‌లో ఏ కోఫీకో, ఏ అమాకో ఫ్లాట్ ఇవ్వాలా వద్దా అని వాట్సాప్ గ్రూప్‌లో చర్చ వస్తే, 'ఇద్దాం' అని మొదటి మెసేజ్ మీరే పెట్టండి.