డై మానేద్దామనుకుంటున్న అన్నలకి

పోస్టు కొంచెం పెద్దది. ఆదివారం బట్టలు ఉతికి ఆరేసుకున్నాక తీరిగ్గా చదవండి.

మా రూములో అందరం సిక్కోలు వాళ్ళం. సోంపేట, పలాస, టెక్కలి వైపు. వెల్డింగు, ఫిట్టింగు, పైపు పనులు. అందరికీ నలభై దాటేసింది. ఈ మధ్య మాలో నలుగురం తలకి డై వేయడం మానేశాం. "ఏమైంది, ఒంట్లో బాగోలేదా?" అని లారీలో అడిగేవాళ్ళు ఎక్కువైపోయారు. అందుకే అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాం.

మనలో షోకు కోసం డై వేసేవాళ్ళు తక్కువ. ఎక్కువమందిది భయం. తల తెల్లబడితే బరువు పనికి పనికిరాడంటారేమో, రెన్యువల్ టైముకి కంపెనీ కుర్రాణ్ణి తెచ్చుకుంటుందేమో, ఏజెంట్ ఫొటో చూసి పక్కన పడేస్తాడేమో. అప్పు తీరకుండా ఇంటికి పోవాల్సి వస్తే ఏటి గతి? ఆ భయం ఉన్నవాళ్ళని చూసి నవ్వడానికి లేదు.

కాని ఒక లెక్క చూడండి. మన పుట్టినరోజు పాస్‌పోర్టులో ఉంది, ఎంఓఎం రికార్డులో ఉంది. 2025 జూలై 1 నుంచి వర్క్ పర్మిట్ రూలు మారింది. అంతకుముందు 60 ఏళ్ళ వరకే పని, ఇప్పుడు 63 వరకు చేయొచ్చు. స్కిల్‌ని బట్టి 14 ఏళ్ళు, 26 ఏళ్ళు అని ఉన్న గడువు తీసేశారు. కొత్త పర్మిట్‌కి మన ఇండియా వాళ్ళకి 50 లోపు ఉండాలన్నది ఇప్పుడు 61 లోపు అయింది. ఈ లెక్కల్లో జుట్టు రంగు ఎక్కడా లేదు. అలాగని కంపెనీ తప్పకుండా ఉంచుతుందని మేం చెప్పడం లేదు. ఉంచడం, పంపడం ఇప్పటికీ వాళ్ళ చేతిలోనే ఉంది. కాకపోతే పంపేయాలనుకున్నవాళ్ళు కాగితం చూస్తారు. డై వేసినంత మాత్రాన ఆ కాగితంలో ఒక్క ఏడాది తగ్గదు.

మనలో చాలామందికి పక్కవాడి అసలు తల కనిపించింది 2020లో. ఏప్రిల్లో డార్మిటరీలు మూసేశారు. నెలల తరబడి టెక్కా లేదు, మంగలి షాపు లేదు. ఒక్క ట్రిమ్మర్ ఉంటే రూములో తలలన్నిటికీ అదే. రెండు నెలలకి అందరి చెవుల మీదా తెల్లగా దిగింది. ఐదేళ్ళుగా "ఒరే" అని పిలిచినవాడు మనకంటే పెద్దవాడని అప్పుడు తెలిసి, "అన్నా" అనడం మొదలెట్టినవాళ్ళు ఉన్నారు. 2021 సెప్టెంబర్లో లిటిల్ ఇండియాకి కొద్దికొద్దిమందిని మళ్ళీ పంపడం మొదలెట్టాక, మా వాళ్ళు కొందరు మొదట కొన్నది డై పాకెట్టే.

జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అందుకే మూడు వారాలకే పాపిట్లో తెల్లగీత వచ్చేస్తుంది. మూడు వారాలకోసారి అంటే ఏడాదికి 17 ఆదివారాలు. మనకున్న సెలవే అది. పదేళ్ళు వేసినవాడు 170 ఆదివారాల్లో గంటేసి చొప్పున తలకి గుడ్డ కట్టుకుని కూర్చున్నట్టు.

ఇంక ఒంటి సంగతి. నల్ల డైలలో ఎక్కువవాటిలో పీపీడీ అనే మందు ఉంటుంది. కొందరికి అది పడదు. పదేళ్ళు ఏమీ కానివాడికి పదకొండో ఏట హఠాత్తుగా పడకపోవచ్చు. దురద, పొక్కులు, కనురెప్పలు వాచిపోవడం. పైన హెల్మెట్, లోపల చెమట, మధ్యాహ్నం ఎండ. మాలో ఒకరికి నుదురంతా పొక్కి, హెల్మెట్ పట్టీ తగిలితే ప్రాణం పోయినట్టుండేది. ఒకసారి పడలేదంటే మళ్ళీ వేయకండి, ఈసారి ఇంకా గట్టిగా రావచ్చు. మొహం వాచి ఊపిరి ఆడకపోతే ఆలస్యం చేయకుండా 995కి ఫోన్ చేయండి. నల్లగా పండే గోరింటాకు అని అమ్మేదాంట్లో కూడా తరచుగా ఇదే మందు ఉంటుంది. ఉత్త గోరింటాకు ఎర్రగానే పండుతుంది. వేయక తప్పదనుకునేవాళ్ళు రెండు రోజుల ముందు చెవి వెనక చుక్క పెట్టి చూసుకోండి.

మానడం ఎలాగంటే, మగాళ్ళకి సులువే. ట్రిమ్మర్‌తో నంబర్ 2 కొట్టించుకుంటే పాత రంగు చాలామటుకు పోతుంది. మూడు నాలుగు కటింగుల్లో అసలు జుట్టే మిగుల్తుంది. బ్లీచింగులు, రంగు తీసే మందులు జోలికి పోకండి. మొదటి రెండు నెలలు కొసలు ఎర్రగా, మొదళ్ళు తెల్లగా పిచ్చిగా ఉంటుంది, ఓర్చుకోవాలి. మాలో ఒకరైతే సెలవుకి వెళ్ళి తిరుమల కళ్యాణకట్టలో గుండు చేయించుకుని వచ్చేశాడు. మొక్కూ తీరింది, డై కూడా పోయింది. తెల్లవైనా వాటిని తలనీలాలనే అంటారు, స్వామికి తేడా లేదు.

సైటులో నాలుగు రోజులు నవ్వారు. తమిళ తమ్ముళ్ళు "తల" అని పిలిచారు. 2011లో మంకాత్తాలో అజిత్ నెరిసిన జుట్టుతోనే కదా కనిపించింది! ఐదో రోజు నుంచి మామూలే. పని తగ్గించలేదు, పెంచలేదు.

కష్టమైంది ఇంటి దగ్గర. వీడియో కాల్‌లో అమ్మ చూసి "ఏట్రా నాయనా, అలాగైపోనావు?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడకి తెలిసిన కొడుకు విమానం ఎక్కినప్పటి నల్లజుట్టువాడు. ఇంకొకరింట్లో అమ్మాయికి సంబంధం చూస్తున్నారు, "వచ్చే ముందు ఒక్కసారి వేసుకోండి" అని భార్య అడిగింది. ఆయన వేసుకోకుండానే వెళ్ళాడు. వచ్చినవాళ్ళు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి "బావగారూ, ఎన్నేళ్ళైంది బయట?" అని అడిగారు. పద్దెనిమిదేళ్ళన్నాడు. ఇంట్లోవాళ్ళు ఆ లెక్క మొదటిసారి విన్నట్టు చూశారట. నెలనెలా డబ్బు అందింది, ఫొటోలో మనిషి అలాగే ఉన్నాడు. ఏళ్ళు ఎక్కడికి పోయాయో ఎవరూ అడగలేదు.

మేం మానింది అందుకే. ఇక్కడ గడిపిన ఏళ్ళు మనవాళ్ళకి కనిపించాలి. నెరిసిన తలతో పిల్లాడికి "చాలు నాన్నా, ఇంక చదువు నీ వంతు" అని చెప్తే ఇప్పుడు వింటున్నాడు. "ఇంకెన్నాళ్ళు ఉందాం?" అనే మాట భార్యాభర్తల మధ్య ఇప్పుడే మొదలైంది.

వేసుకునేవాళ్ళు వేసుకోండి, ఎవరి ఇల్లు వారిది, ఎవరి అప్పు వారిది. మనూళ్ళో పని బాగా తెలిసినవాణ్ణి తలపండిన మేస్త్రీ అంటారు. రేపు లారీలో తెల్లతల కనిపిస్తే జబ్బేమిటని అడగకండి. ఎన్నేళ్ళైంది అన్నా, అని అడగండి.